రెండు కిలోమీటర్ల గిరాకీ

2011 జనగణన ప్రకారం ఢిల్లీలో చదరపు కిలోమీటరుకు 11,320 మంది ఉన్నారు. ఏదైనా దుకాణాన్ని నడిమధ్య పెట్టి, కిలోమీటరు దూరంలో చుట్టూ గిరి గీస్తే లోపలికి వచ్చే నేల 3.14 చదరపు కిలోమీటర్లు, జనం సుమారు 35,500. ఆ గిరిని రెండు కిలోమీటర్లకు జరపండి. నేల 12.57 చదరపు కిలోమీటర్లవుతుంది, జనం 1,42,000 దాటుతారు. దూరం రెట్టింపైతే జనం నాలుగింతలయ్యారు. ఇది పాత లెక్క. ఇప్పుడింకా ఎక్కువే ఉంటారు.

జనక్‌పురిలోనో మయూర్ విహార్‌లోనో టిఫిన్ సెంటర్ నడుపుకొనే తెలుగు కుటుంబానికి ఈ రెండు కిలోమీటర్లే బతుకుతెరువు. ఆ లక్షా నలభై రెండు వేల మందిలో వెయ్యికొకరు నెలకు రెండుసార్లు వచ్చినా 284 బిల్లులు. అయితే ఆ వెయ్యికొకరికి మన కొట్టు అక్కడుందని తెలియాలి. కరపత్రాలు పంచుదామంటే, ఇంటికి నలుగురు చొప్పున లెక్కేసినా 35,500 ఇళ్లు. అచ్చుకీ, పంచే కుర్రాళ్ల కూలికీ కలిపి కాగితానికి రూపాయిన్నర అనుకుంటే 53,250 రూపాయలు. అదీ ఒక్కసారికే. కాగితం చేతికందిన పూట ఆకలి లేకపోతే అది చెత్తబుట్టకే.

ఫోన్‌లో ‘దగ్గర్లో ఇడ్లీ’ అని వెతికేవాడు ఆకలేసినప్పుడే వెతుకుతాడు. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణాన్ని నమోదు చేసుకోవడానికి ఒక్క రూపాయి అక్కర్లేదు. ఇది దాదాపు అందరికీ తెలిసిన మాటే. నమోదయ్యాక దాన్ని ఎలా చూసుకోవాలన్న దగ్గరే చిక్కు. కొందరు ఒకసారి పెట్టి మరిచిపోతారు. ఇంకొందరు పండగ పండగకీ శుభాకాంక్షల బొమ్మలు ఎక్కిస్తూ, దుకాణం వేళలు మాత్రం రెండేళ్ల కిందటివే ఉంచేస్తారు. నా దృష్టిలో రెండో రకం వాళ్ల నష్టమే ఎక్కువ. వాళ్లు శ్రమ కూడా పడుతున్నారు, అది వెళ్లాల్సిన చోటికి వెళ్లడం లేదు.

అశోకా రోడ్డు ఒకటో నంబరులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు ఈ బాధ లేదు. ఆదివారం బిర్యానీ కోసం తెలుగు ముక్క రాని ఢిల్లీవాళ్లు కూడా అక్కడ వరుసలో నిలబడతారు. దశాబ్దాలుగా నోటిమాటే దానికి ప్రచారం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు, తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల, గోల్ మార్కెట్ దగ్గరి బాలాజీ గుడి... కేంద్ర ప్రభుత్వ కొలువుల్లో వచ్చి స్థిరపడిన తరం ఒకరినొకరు కలుసుకున్నది ఇలాంటి చోట్లే. ఫలానా వీధిలో ఆవకాయ దొరుకుతుంది, ఫలానా పిన్నిగారు సున్నుండలు చేసిస్తారు అన్న కబురు అక్కడే ఒకరి నుంచి ఒకరికి చేరేది.

ఇప్పుడు వచ్చేవాళ్ల తీరు వేరు. ఓల్డ్ రాజేంద్రనగర్‌లో సివిల్స్ కోచింగ్‌కు దిగిన కుర్రాడికి, గురుగ్రామ్ సైబర్ సిటీలో కొత్తగా చేరిన ఇంజినీరుకు, నోయిడా టవర్లలో అద్దెకు దిగిన జంటకు గుడిలో పరిచయాలు ఏర్పడకముందే ఆకలేస్తుంది. వాళ్లు ముందు అడిగేది ఫోన్‌నే.

ఉచితం వెనక లెక్క

ఇలా ఉచితంగా వివరాలు ఎక్కించే వ్యాపారానికి దేశ రాజధాని ప్రాంతం ఒక పుట్టినిల్లు. మ్యాప్‌మైఇండియా 1995లో మొదలైంది. దాని కార్యాలయం ఢిల్లీ ఓఖ్లాలో ఉంది. ఇండియామార్ట్‌ను 1996లో దినేశ్ అగర్వాల్, బ్రిజేశ్ అగర్వాల్ ప్రారంభించారు. ఇప్పుడు దాని కేంద్రం నోయిడా. మొదట్లో ఎగుమతిదారుల వివరాలు ఉచితంగా పెట్టి, విదేశాల నుంచి వచ్చే ఈమెయిళ్లను అచ్చేసి ఫ్యాక్స్‌లో, పోస్టులో వాళ్లకు చేరవేసేవారు. చాలామంది ఎగుమతిదారులకు అప్పటికి ఈమెయిలే లేదు మరి. గురుగ్రామ్ కేంద్రంగా ఎదిగిన జొమాటో కథ 2008లో ఫుడీబే పేరుతో మొదలైంది. ఆఫీసులో మెనూ కాగితాల కోసం సహోద్యోగులు ఎగబడటం చూసి దీపిందర్ గోయల్, పంకజ్ చడ్డా వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. 2010లో పేరు జొమాటో అయింది.

ఎందుకు ఉచితం? ఇండియామార్ట్ అంకెలు చూస్తే తెలుస్తుంది. అక్కడ పేరున్న అమ్మకందారులు 80 లక్షల పైచిలుకు. డబ్బు కట్టే చందాదారులు రెండు లక్షల పైన. అంటే నూటికి ముగ్గురు కూడా కట్టడం లేదు. మిగతా తొంభై ఏడు మందికి పైగా ఉచితంగా ఉన్నందువల్లే జాబితా నిండుగా కనిపిస్తోంది, నిండుగా ఉన్నందువల్లే కొనేవాళ్లు వస్తున్నారు, కొనేవాళ్లు వస్తున్నందువల్లే ఆ ముగ్గురూ డబ్బు కడుతున్నారు. గూగుల్ దారీ ఇదే; అది ప్రకటనల మీద సంపాదిస్తుంది. కాబట్టి ఉచిత లిస్టింగ్ వాడుకోవడానికి మొహమాటపడాల్సింది లేదు. మన వివరాలు వాళ్ల సరుకులో భాగం.

అలాగని దాన్నే నమ్ముకుని కూర్చోనూ కూడదు. గూగుల్ ఈ సేవను 2005లో ఒక పేరుతో తెచ్చి, 2010లో ప్లేసెస్ అంది, 2014 జూన్‌లో మై బిజినెస్ అంది, 2021 నవంబరులో బిజినెస్ ప్రొఫైల్ అంది. 2022లో దాని ప్రత్యేక యాప్ ఆపేసింది. ఈ ప్రొఫైల్‌తో పాటు ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లను 2024 మార్చిలో తీసేసింది, చాట్ సదుపాయాన్ని అదే ఏడాది జులైలో ఎత్తేసింది. ఆ వెబ్‌సైటు చిరునామాను బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద అచ్చు వేయించుకున్నవాళ్లు మళ్లీ అచ్చు వేయించుకోవాల్సిందే. గిరాకీల ఫోన్ నంబర్లు మన దగ్గర విడిగా ఉండటం మంచిదని చెప్పేది ఇందుకే.

వాట్సాప్ బిజినెస్ 2018 జనవరి నుంచి ఉంది, అదీ ఉచితమే. ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది వరకు పడతారు, మన నంబరును ఫోన్‌లో దాచుకున్నవాళ్లకే ఆ సందేశం వెళ్తుంది. స్టేటస్ ఆయుష్షు 24 గంటలు. అంటే అది మనం ఇప్పటికే తెలిసినవాళ్ల కోసం. మ్యాప్‌లోని లిస్టింగ్ మనమెవరో తెలియనివాళ్ల కోసం. ఒకదాని పని ఇంకోదానితో కాదు.

పదిహేను గంటలా, ఎనిమిది గంటలా

దగ్గరి దుకాణాల్లో ఎవరిని పైన చూపాలో గూగుల్ మూడింటిని బట్టి నిర్ణయిస్తానంటుంది: వెతికినదానికి మన వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికేవాడికి ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. ఈ మామూలు ఫలితాల్లో పైకి ఎక్కించమని డబ్బు కట్టే వీలు లేదని గూగులే రాసిపెట్టింది. ప్రకటనలు వేరు, వాటి మీద ప్రకటన అనే ముద్ర ఉంటుంది.

దూరం మన చేతిలో లేదు. పేరు నెమ్మదిగా వస్తుంది. ఈ పూటే సరిచేసుకోగలిగింది మొదటిదొక్కటే. అక్కడ ముందు చూడాల్సింది కేటగిరీ. ఒక ప్రధాన కేటగిరీతో పాటు మరో తొమ్మిది వరకు పెట్టుకోవచ్చు. ఆంధ్రా రెస్టారెంట్ అన్న కేటగిరీ ఉండగా వట్టి రెస్టారెంట్ అని వదిలేసేవారున్నారు. ఢిల్లీవాడు ‘సౌత్ ఇండియన్’ అని వెతుకుతాడు, బెజవాడ కుర్రాడు ‘ఆంధ్రా మెస్’ అని వెతుకుతాడు. ఇద్దరికీ కనపడాలంటే రెండు కేటగిరీలూ ఉండాలి. వివరణకు 750 అక్షరాల చోటు ఇస్తారు. అందులో నాణ్యత, రుచి, సంతృప్తి అని నింపేకన్నా గోంగూర పచ్చడి, పెసరట్టు, ఆదివారం నాటుకోడి అని వంటకాల పేర్లు రాయడం మేలు. పేరు పెట్టెలో మాత్రం బోర్డు మీదున్న పేరే ఉండాలి. ‘నోయిడాలో నంబర్ వన్ ఆంధ్రా బిర్యానీ’ అని పేరుకు తోక తగిలిస్తే నిబంధన ఉల్లంఘన కింద లిస్టింగ్‌ను నిలిపేయవచ్చు.

ఇక వేళలు. అన్నిటికన్నా ఎక్కువ గిరాకీ జారిపోయేది ఇక్కడే. ఓల్డ్ రాజేంద్రనగర్‌లాంటి చోట ఒక మెస్ అనుకోండి. పొద్దున 7.30 నుంచి 10.30 దాకా టిఫిన్, మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా భోజనం, రాత్రి 7.30 నుంచి 10 దాకా మళ్లీ భోజనం. కలిపితే 8 గంటలు. లిస్టింగ్‌లో మాత్రం పొద్దున 7 నుంచి రాత్రి 10 దాకా అని ఉంటుంది. అంటే 15 గంటలు. మధ్యలో 7 గంటలు ఫోన్ ‘తెరిచి ఉంది’ అని చెబుతుంటే షట్టరు దించి ఉంటుంది. సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ నుంచి లేచి వచ్చిన విద్యార్థి గుమ్మం ముందు నిలబడి ఫోన్ చేస్తాడు. “అన్నా, ఇవాళ మెస్ లేదా?” “ఉంది తమ్ముడూ, ఏడున్నరకి రా.” అతను ఏడున్నరకు రాడు. పక్క సందులో ఛోలే భటూరే తినేసి ఉంటాడు. మళ్లీ ఎప్పుడైనా వెతికినా ఈ మెస్ పేరు మీద నమ్మకం ఉండదు.

ఒకే రోజుకు మూడు విడి వేళలు పెట్టే వీలు గూగుల్ ప్రొఫైల్‌లో ఉంది. పట్టేది రెండు నిమిషాలు.

వారం సెలవు సంగతీ అంతే. కరోల్ బాగ్, లాజ్‌పత్ నగర్ మార్కెట్లకు సోమవారం, కనాట్ ప్లేస్‌కు ఆదివారం సెలవు ఆనవాయితీ. పచ్చళ్ల కొట్టో చీరల కొట్టో అలాంటి మార్కెట్లో ఉంటే ఆ రోజు తెరుస్తున్నదీ లేనిదీ లిస్టింగ్‌లో తేలాలి. ఢిల్లీకి ప్రత్యేకమైన సెలవులు కూడా వస్తుంటాయి. 2023 సెప్టెంబరు 8 నుంచి 10 దాకా జీ20 సదస్సు కోసం న్యూఢిల్లీ జిల్లాలో దుకాణాలు మూయించారు. జనవరిలో గణతంత్ర దినోత్సవ కవాతుకీ, దాని రిహార్సల్‌కీ రోడ్లు కట్టేస్తారు. ప్రత్యేక రోజుల వేళలు పెట్టుకోవడానికి వేరే గడి ఉంది. సంక్రాంతికి పదిరోజులు ఊరెళ్లేటప్పుడు ‘తాత్కాలికంగా మూసివేత’ పెట్టి, రాగానే తీసేస్తే సరిపోతుంది. తీసేయడం మరిచిపోతే మాత్రం కొట్టు తెరిచి ఉన్నా మూసినట్టే లెక్క.

పిన్ కూడా ఒకసారి పరీక్షగా చూసుకోవాలి. జాతీయ రాజధాని ప్రాంతం మొత్తం 55,083 చదరపు కిలోమీటర్లు. ఢిల్లీతో పాటు హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ జిల్లాలు అందులో ఉన్నాయి. ఒక్కో చోట చిరునామా రాసే పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ఒకచోట సెక్టారు, ఒకచోట బ్లాకు, ఇంకోచోట గలీ నంబరు. డివైడరున్న పెద్ద రోడ్ల మీద పిన్ అవతలి పక్కన పడిందంటే, వచ్చేవాడు ఎక్కడో యూటర్న్ తీసుకుని తిరిగి రావాలి. స్థానికులు గుర్తు చెప్పేది మెట్రో పిల్లర్ నంబరుతో. ద్వారకా మోడ్, ఉత్తమ్ నగర్ దారిలో ఆటోవాలాకు కూడా ఆ నంబరు చెబితేనే తెలుస్తుంది. దాన్ని వివరణలో రాయండి, పిల్లర్ కనపడేలా దుకాణం ముందు ఫోటో ఒకటి పెట్టండి. ఫోటో కనీసం 250 పిక్సెళ్ల చతురస్రమైనా ఉండాలి, 720 అయితే బాగుంటుంది, 5 ఎంబీ దాటకూడదు. వీడియో అయితే 30 సెకన్లు, 75 ఎంబీ. ఈ కాలపు మామూలు ఫోన్‌తో ఇవన్నీ అయ్యే పనులే.

పోస్టులో ఏముండాలి

వేళలు, పిన్, ఫోన్ నంబరు, కేటగిరీ సరిగా ఉన్నాకే అప్‌డేట్ పోస్టుల జోలికి వెళ్లాలి. పోస్టు పెట్టినంత మాత్రాన మ్యాప్‌లో పైకి వెళ్తామని గూగుల్ ఎక్కడా మాట ఇవ్వలేదు. పోస్టు చేసే పని వేరు. నాలుగు దుకాణాలను తెరిచి చూస్తున్నవాడికి ఇది బతికున్న దుకాణం, ఈ వారం ఇక్కడ ఫలానాది దొరుకుతుంది అని తెలియజేస్తుంది. ఆ నలుగురిలో మనల్ని ఎంచుకునే కారణం ఇస్తుంది. అది చిన్న సంగతి కాదు.

పోస్టులు మూడు రకాలు: మామూలు అప్‌డేట్, ఆఫర్, ఈవెంట్. 1,500 అక్షరాల వరకు రాయొచ్చు కానీ తెరవకుండా కనిపించేది మొదటి ఒకటి రెండు వరుసలే. కాబట్టి వంటకం పేరు, రోజు, వేళ మొదటి వరుసలోనే పడాలి. పోస్టు రాతలో ఫోన్ నంబరు పెడితే తిరస్కరించవచ్చు. దానికి కాల్ బటన్ ఉంది. మామూలు అప్‌డేట్ ఆరు నెలలయ్యాక పాత పోస్టుల అరలోకి వెళ్లిపోతుంది. ఒక నమూనా చూడండి:

“శని, ఆదివారాల్లో పొద్దున 7.30 నుంచి 10.30 వరకు పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి. పార్సిల్ ఉంది. మెట్రో గేటు ఎదురు సందులో రెండో కొట్టు.”

దీన్నే హిందీలో ఒకసారి, ఇంగ్లిష్‌లో ఒకసారి రాసి పెట్టాలి. మన తెలుగువాళ్లు మాత్రమే వస్తే చాలనుకుంటే ఆ 1,42,000 మందిలో ఎక్కువ మందిని వదులుకున్నట్టే. వారానికి ఒక పోస్టు చాలు. ఒక్కోదానికి పది నిమిషాలైతే ఏడాదికి 52 పోస్టులు, 520 నిమిషాలు, అంటే 8 గంటల 40 నిమిషాలు. ఏడాది మొత్తంలో ఒక్క పనిదినం.

ఏ వారం ఏం పెట్టాలన్న దగ్గర ఢిల్లీలో ఉండే తెలుగు వ్యాపారికి ఊళ్లో ఉన్నవాళ్లకు లేని అవకాశం ఒకటుంది. ఇక్కడ రెండు పంచాంగాలు నడుస్తాయి. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. ఉత్తరాదివాళ్ల చైత్ర నవరాత్రులు మొదలయ్యేదీ ఆ రోజే. 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న రెండూ కలిసే వచ్చాయి. ఆ రోజు తెలుగింట్లో బొబ్బట్లు, పులిహోర కావాలి. పక్కింటి ఢిల్లీ కుటుంబంలో తొమ్మిది రోజుల ఉపవాసం. బియ్యం, గోధుమలు, పప్పులు, ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. ఇడ్లీ, దోసెల గిరాకీ ఆ తొమ్మిది రోజులూ తగ్గుతుంది, మాంసాహారం సంగతి చెప్పనే అక్కర్లేదు. అదే సమయంలో వాళ్లు ఊదలు తింటారు, ఉప్పుకు బదులు సైంధవ లవణం వాడతారు. ఊదలతో ఇడ్లీ, దోసె వేయడం మన వంటవాళ్లకు ఎంత సేపు? ‘నవరాత్రి ఉపవాసానికి ఊదల దోసె, సైంధవ లవణంతో, ఉల్లి వెల్లుల్లి లేకుండా, విడి పెనం మీద’ అన్న పోస్టు హిందీలో నవరాత్రులకు నాలుగు రోజుల ముందే పడాలి. విడి పెనం అని రాస్తే విడి పెనం ఉండి తీరాలి. ఉపవాసం ఉన్నవాళ్ల నమ్మకంతో ఆటలు కూడదు. అదే వారం ఇంకో పోస్టు బొబ్బట్ల కోసం, ముందస్తు ఆర్డరు ఏ రోజు దాకా తీసుకుంటారో తేదీతో సహా. ఆఫర్ పోస్టుకైనా ఈవెంట్ పోస్టుకైనా మొదటి తేదీ, చివరి తేదీ ఇవ్వాలి కాబట్టి పండగ దాటాక పాత కబురు వేలాడే బాధ లేదు.

శ్రావణం లెక్క ఇంకాస్త తమాషాగా ఉంటుంది. ఉత్తరాదిలో నెల పౌర్ణమి మర్నాడు మొదలవుతుంది, మనకు అమావాస్య మర్నాడు. అందుకని 2025లో ఢిల్లీవాళ్ల శ్రావణం జులై 11నే వచ్చేసింది, మన శ్రావణం జులై 25న మొదలైంది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న. పూజా సామగ్రి, పసుపు కుంకుమలు, చీరలు అమ్మే తెలుగు దుకాణానికి ఇది ఒక సీజను కాదు, రెండు వారాల ముందే తలుపు తట్టే జోడు సీజను. సోమవారాల శివపూజ సరుకుల పోస్టు జులై మొదటి వారంలో, వ్రతానికి కలశం సామాన్ల పోస్టు జులై చివరి వారంలో పడితే రెండు వర్గాల గిరాకీ అందుతుంది. కోచింగ్ పేటల మెస్‌లకు పంచాంగం యూపీఎస్సీది. ప్రిలిమ్స్ 2024లో జూన్ 16న, 2025లో మే 25న జరిగాయి. పరీక్ష రోజు టిఫిన్ పొద్దున ఎన్నింటికి మొదలవుతుందన్న ఒక్క పోస్టు విద్యార్థులకు పెద్ద సాయం.

ఒక్క నక్షత్రం ఖరీదు

రివ్యూల దగ్గర చాలామంది గుండె జారిపోతుంది. లెక్క వేస్తే భయం తగ్గుతుంది. 40 రివ్యూలు, సగటు 4.2 అనుకోండి, మొత్తం 168 నక్షత్రాలు. సాయంత్రం నాలుగింటికి మూసిన షట్టరు చూసి వెళ్లిన విద్యార్థి కోపంతో ఒక్క నక్షత్రం ఇచ్చాడు. 169ని 41తో భాగిస్తే 4.12. మళ్లీ సరిగ్గా 4.2కి రావాలంటే అయిదు నక్షత్రాలవి నాలుగు రావాలి: 189ని 45తో భాగిస్తే 4.2. అంటే ఒక తప్పు వేళకు నలుగురు తృప్తిపడ్డ మనుషులు కావాలి. అదే 400 రివ్యూలున్న దుకాణమైతే ఆ ఒక్క నక్షత్రంతో 4.19 అవుతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు.

కాబట్టి రివ్యూల సంఖ్య పెరగడమే రక్షణ. బిల్లు ఇచ్చేటప్పుడు “రుచి ఎలా ఉందో మ్యాప్‌లో రాయండి” అని అడగడంలో తప్పు లేదు, గల్లా దగ్గర క్యూఆర్ కోడ్ అంటించుకోవచ్చు. రివ్యూ రాస్తే పది శాతం తగ్గింపు, గులాబ్ జామున్ ఫ్రీ అనడం మాత్రం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. డబ్బిచ్చి రాయించుకోవడం సంగతి చెప్పక్కర్లేదు. 2024 ఒక్క ఏడాదిలోనే నిబంధనలకు విరుద్ధమైన 24 కోట్లకు పైగా రివ్యూలను, 1.2 కోట్లకు పైగా నకిలీ లిస్టింగ్‌లను అడ్డుకున్నామని, తీసేశామని గూగుల్ ప్రకటించింది. మన దేశంలో 2022 నవంబరులో ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 పేరుతో భారతీయ ప్రమాణం కూడా వచ్చింది. చెడ్డ రివ్యూకు జవాబు రెండు వాక్యాల్లో, మర్యాదగా ఉండాలి: జరిగిందేమిటి, ఏం సరిచేశాం. ఆ జవాబును చదివేది కోప్పడ్డ మనిషి కన్నా తర్వాత రాబోయే వందమంది.

ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు, అరిసెలు చేసి అమ్మే ఆడవాళ్లు నోయిడా, గురుగ్రామ్ అపార్టుమెంట్లలో చాలామందే ఉన్నారు. ఇంటి చిరునామా లోకానికి చూపించడం ఇష్టం లేక వాళ్లు లిస్టింగ్ జోలికే పోరు. చిరునామా దాచి, తాము స్వయంగా తీసుకెళ్లి అందించే ప్రాంతాల పేర్లు మాత్రమే చూపే పద్ధతి ఉంది. 20 ప్రాంతాల వరకు ఇవ్వొచ్చు, మొత్తం మీద కారులో రెండు గంటల దూరం మించకూడదన్నది గూగుల్ సూచన. గిరాకీని ముఖాముఖి కలవకుండా, వట్టి ఆన్‌లైన్‌లో కొరియర్ ద్వారా అమ్మేవాళ్లకు మాత్రం ఈ లిస్టింగ్ వర్తించదు. ధ్రువీకరణకు తరచుగా వీడియో అడుగుతారు: వీధి, బోర్డు లేదా పనిచేసే చోటు, సామాన్లు ఒకే దమ్ములో తీసి పంపాలి. పరిశీలనకు అయిదు పనిదినాల దాకా పట్టవచ్చు. ఆహారం అమ్మేవాళ్లు 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఫోటోల్లో ఒకదానిలో కనపడేలా పెడితే కొత్తవాళ్లకు ధైర్యం.

ఒక హెచ్చరిక. లిస్టింగ్‌ను సొంతదారు ధ్రువీకరించుకున్నా సరే, దానికి ఎవరైనా మార్పులు సూచించవచ్చు. 2018లో మహారాష్ట్రలో మోసగాళ్లు గూగుల్ మ్యాప్స్‌లో బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖల ఫోన్ నంబర్లు మార్చి తమ నంబర్లు పెట్టిన వ్యవహారం సైబర్ పోలీసుల దాకా వెళ్లింది. బ్యాంకుకే తప్పనిది చిన్న కొట్టుకు తప్పుతుందా? నెలకోసారైనా మన లిస్టింగ్‌ను వేరేవాళ్ల ఫోన్‌లో తెరిచి చూసుకోవాలి. ‘మీ లిస్టింగ్ రేపటితో పోతుంది, వెంటనే అయిదు వేలు కట్టండి’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. లిస్టింగ్ ఉంచడానికి గూగుల్ డబ్బు అడగదు. ఓటీపీ చెబితే లిస్టింగే వాళ్ల చేతికి పోతుంది. డబ్బు పోతే ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఫలితం ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ప్రొఫైల్‌లో పనితీరు పేజీ ఆరు నెలల వరకు అంకెలు చూపిస్తుంది. ఎంతమంది చూశారన్న అంకె పెద్దగా కనపడి మురిపిస్తుంది. దాన్ని పక్కన పెట్టండి. కాల్స్ ఎన్ని, దారి అడిగినవి ఎన్ని అన్న రెండింటినే నోటు పుస్తకంలో నెల నెలా రాసుకోండి. ఏ మాటలతో వెతికి వచ్చారన్న జాబితా కూడా ఉంటుంది. కొద్దిమందే వెతికిన మాటల దగ్గర ‘15 కన్నా తక్కువ’ అని వస్తుంది. అందులో మనం అమ్మని వంటకం పేరు పదే పదే కనిపిస్తే, అది మెనూలో చేర్చమని వీధి అడుగుతున్నట్టు. నెలకు 90 మంది దారి అడిగారు, సగం మంది వచ్చారు, బిల్లు సగటున 180 రూపాయలు అనుకుంటే 8,100 రూపాయలు. గల్లా దగ్గర కూర్చున్నవాళ్లు రెండు వారాలపాటు కొత్త ముఖం కనపడగానే “మా కొట్టు సంగతి ఎలా తెలిసింది?” అని అడిగి గీతలు పెట్టుకుంటే ఆ సగం అన్న అంచనా నిజమో కాదో తేలిపోతుంది.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో ఉండే తెలుగు పాఠకులకు ఒక మనవి. మీరు తరచూ వెళ్లే తెలుగు మెస్‌నో పచ్చళ్ల కొట్టునో ఈ రోజే మ్యాప్‌లో తెరిచి చూడండి. వేళలు తప్పుంటే యజమానికి చెప్పండి. ఆయనకు ఫోన్‌తో అంత పరిచయం లేకపోతే పక్కన కూర్చుని సరిచేసి పెట్టండి. తిన్న వంటకం పేరు రాస్తూ రెండు వాక్యాల రివ్యూ పెట్టండి. దానికి పట్టేది అయిదు నిమిషాలు.